స్టైలాయిడ్ బొక్క పెరిగి గొంతు, మెడ నొప్పి: ఆపరేషన్ నోట్లకెల్లి చేయించాల్నా, మెడ కాడ కోసి చేయించాల్నా?

కొత్తవాడ తమ్మి
అందరికి నమస్తే. మా అక్క గురించి అడుగుతున్న. కోరుట్లల ఉంటది, 43 ఏండ్లు, ఇంట్లనే బీడీలు చేస్తది. ఏడాది దాటింది, గొంతుల ఎడమ దిక్కు చేప ముల్లు ఇరికినట్టే ఉంటదట, ఉమ్మి మింగినా గుచ్చుకుంటది, ఆవులిస్తే చెవుల్లకు గుంజుతది, ఎవలన్న ఎనుకకెల్లి పిలిస్తే మెడ తిప్పదు మొత్తం పెయ్యే తిప్పి చూస్తది. మొదట్ల గొంతు ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ గోలీలు రాసిన్రు, తర్వాత గ్యాస్ పైకి తంతుందని ఇంకో కోర్సు, ఆ తర్వాత బీడీలు చేసేటోళ్లకు పొద్దంత మెడ వంచి కూసుంటే మెడ బొక్కలు అరుగుతయని మెడకు పట్టీ ఏసిన్రు, ఒక కాడ జ్ఞానదంతం అని పన్ను గూడ పీకిన్రు. నొప్పి మాత్రం ఉన్న కాడనే ఉన్నది.

మొన్న హన్మకొండల ఒక ఈఎన్‌టీ సార్ గ్లవ్ ఏస్కొని నోట్లె ఏలు పెట్టి టాన్సిల్ పక్కపొంటి ఒత్తంగనే అక్క కుర్చీలకెల్లి లేశింది, సార్ గదే నొప్పి గదే జాగ అన్నది. సీటీ తీపిచ్చినం, ఎడమ స్టైలాయిడ్ 41 మి.మీ., కుడిది 33 మి.మీ. అని రిపోర్ట్. ఈగిల్ సిండ్రోమ్ అన్నరు. ఈ సార్ నోట్లకెల్లి చేద్దాం బయటికి మచ్చ గూడ ఉండదు అంటున్నడు, రెండో ఒపీనియన్‌కు పోతే ఆ డాక్టర్ మెడ కాడ కోసి చేస్తేనే సేఫ్ అంటున్నడు. బావ ఆపరేషన్ అంటెనే భయపడ్తున్నడు, మెడల పెద్ద నరాలుంటయి మాట పోతదేమో అని. చేయించుకున్నోళ్లు ఉంటే జర చెప్పుండ్రి.

కాజీపేట జంక్షన్
తమ్మీ నేను చేయించుకున్న, నాది కుడి దిక్కు, నోట్లకెల్లి. నువ్వు రాసింది చదువుతుంటే నా సంగతే రాసినట్టున్నది, ఆ ఆవులింత నొప్పి పడ్డోళ్లకే తెలుస్తది, నేనైతే ఆవులింత వస్తుందంటే గదుమ కింద చెయ్యి పెట్టి ఆపుకునేటోన్ని. నాకు చిన్నప్పుడే టాన్సిల్స్ తీసిన్రు కాబట్టి డైరెక్ట్ ఆ జాగలనే కోసి బొక్క ముక్క తీసిన్రు. ఫుల్ మత్తు, నోరు తెరిచి ఉంచే క్లిప్ పెడ్తరు. లేశినంక గొంతు మంట మంట, చెవు పోటు, మొదటి వారం మాత్రం అబద్ధం చెప్పను మస్తు కష్టమైంది, నీళ్లు మింగాల్నంటే గూడ మనసు గట్టి చేసుకోవాలె. రెండో వారంల నొప్పి తగ్గుకుంట వచ్చింది, నెల దాటినంక చూస్తే ఆ ముల్లు లేదు. ఇప్పుడు బండి నడుపుకుంట ఎనుకకు తిరిగి చూస్త. అక్కకు ధైర్యం చెప్పు.

ఈఎన్‌టీ పీజీ
నేను ఈఎన్‌టీలో పీజీ చేస్తున్నా. పేషెంట్‌ని చూడకుండా ఏ దారి మంచిదో నేను చెప్పలేను, అది ఎదురుగా కూర్చోబెట్టుకుని నోట్లో వేలు పెట్టి చూసిన డాక్టరే చెప్పాలి, కానీ ఏం అడగాలో తెలిస్తే మీకు సగం భయం పోతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

స్టైలాయిడ్ అనేది చెవి కింద కణత ఎముక నుంచి కిందికి, ముందుకు దిగే సన్నని ఎముక, అందరికీ రెండు పక్కలా ఉంటుంది. మామూలుగా 2.5 సెం.మీ. దాకా ఉంటుంది, 3 సెం.మీ. దాటితే పెరిగింది అని రాస్తారు. దీని కొస నుంచి గొంతు దగ్గరి హయాయిడ్ ఎముక దాకా ఒక లిగమెంట్, అంటే నార లాంటి పట్టీ, ఉంటుంది, కొందరిలో ఆ లిగమెంటే కాల్షియం పట్టి ఎముకలా గట్టిపడుతుంది. కొస టాన్సిల్ వెనక గోడలోకి వస్తే మింగినప్పుడల్లా తగులుతుంది, అక్కడే మెదడు నుంచి వచ్చే నరాల్లో తొమ్మిదోది పోతుంది, ఆ నరం కొమ్మ చెవి లోపలికి కూడా ఉంటుంది, అందుకే గొంతులో పుట్టిన నొప్పి చెవిలో తెలుస్తుంది. చెవి చూస్తే శుభ్రంగా ఉంటుంది, పేషెంట్ మాత్రం చెవి పోటు అని తిరుగుతూనే ఉంటారు.

ఇది 1937లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ ఈఎన్‌టీ సర్జన్ వాట్ ఈగిల్ రాసిన జబ్బు. ఆయన రెండు రకాలు చెప్పాడు. ఒకటి గొంతు రకం, చాలాసార్లు టాన్సిల్ ఆపరేషన్ తర్వాత మొదలయ్యేది, ముల్లు గుచ్చినట్టు ఉండడం, మింగితే నొప్పి, చెవి నొప్పి. రెండోది కెరోటిడ్ రకం, మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ రక్తనాళాన్ని ఎముక ఒత్తుతుంది, అప్పుడు నొప్పి మెడ పక్క నుంచి కంటికి, తలకు పాకుతుంది, మెడ ఒక దిక్కు తిప్పితే కళ్లు తిరుగుతాయి. మీ అక్కకు కళ్లు తిరగడం, కాసేపు చూపు మసకబారడం, చెయ్యి తిమ్మిరి, మాట తడబడటం ఎప్పుడన్నా జరిగిందా? ఇది తప్పకుండా అడిగి డాక్టర్‌కు చెప్పండి, జరిగి ఉంటే సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు చూపే స్కాన్, చేయించకుండా ముందుకు పోవద్దు.

మంచిర్యాల బాయి
డాక్టర్ సాబ్ ఒక డౌట్. నాకు పన్ను కోసం నోరంతా వచ్చే ఎక్స్‌రే తీసిన్రు, అందుల రెండు దిక్కుల స్టైలాయిడ్ పొడుగు ఉన్నదని రాసిన్రు, 36 మి.మీ. ఏమో. నాకు ఏ నొప్పి లేదు, నల్లి బొక్క గూడ కొరుక్కుంట తింట. మరి పొడుగు ఉంటెనే నొప్పి అంటే నాకెందుకు లేదు? రిపోర్టుల నంబర్ చూసి కోసుడు కరెక్టేనా? కోరుట్ల అక్కకు కుడిది గూడ 33 ఉన్నది గదా, అటు దిక్కు నొప్పి లేదంటున్నరు.

కరీంనగర్ పండ్ల డాక్టర్
మంచిర్యాల అన్న అడిగిందే ఈ మొత్తం సంగతిల అసలు ప్రశ్న. నేను డెంటిస్ట్‌ని, మేం తీసే ఓపీజీ, అంటే నోరంతా వచ్చే ఎక్స్‌రేల పొడుగు స్టైలాయిడ్లు ఊకె కనపడ్తనే ఉంటయి, వచ్చినోళ్లు మాత్రం పిప్పి పన్ను కోసం వస్తరు. ఈగిల్ లెక్క ప్రకారమే సుమారు 4 శాతం మందికి పొడుగు ఉంటది, వాళ్లల్ల గూడ నొప్పి వచ్చేది కొద్దిమందికే. ఎంత పొడుగు అన్నదొక్కటే కాదు, ఎటు వంగింది, లోపలికి గొంతు దిక్కు తిరిగిందా, ఎంత మందం ఉన్నది, ఇవన్నీ లెక్కకొస్తయి. జరంత పొడుగే ఉండి లోపలికి వంగి గుచ్చేవి ఉంటయి, బారెడు ఉండి ఏం చేయనివి ఉంటయి. అందుకే రిపోర్టుల నంబర్ పట్టుకొని ఆపరేషన్‌కు పోవద్దు, నొప్పి ఆ బొక్కదే అని తేలాలె. నొప్పి లేని దిక్కు ముట్టుకోరు, కుడి 33 ను అట్లనే వదిలేస్తరు.

ఓపీజీల బొక్క కొస ఎటు పోయిందో సరిగ తెల్వదు, 3డి సీటీ ఉండాలె. మీ దగ్గర ఉన్న సీటీల 3డి ఫిల్మ్ ఇచ్చిన్రా లేదా చూడుండ్రి, ఇయ్యకపోతే అదే స్కాన్ డేటా నుంచి తీసి ఇయ్యమని సెంటర్ల అడగొచ్చు, మల్ల స్కాన్ అక్కర లేదు.

ఈఎన్‌టీ పీజీ
పండ్ల డాక్టర్ గారు చెప్పింది నూటికి నూరు కరెక్ట్. ఆ బొక్కదే అని తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది, వేలు పెట్టి ఒత్తినప్పుడు ఎక్కడ అదే నొప్పి వచ్చిందో అక్కడ తిమ్మిరి ఇంజెక్షన్, అంటే లిగ్నోకెయిన్, ఇచ్చి చూడడం. తిమ్మిరి ఉన్నంతసేపు ముల్లు, చెవి పోటు మాయమైతే అనుమానం గట్టిపడుతుంది, మాయం కాకపోతే వేరే కారణం వెతకాలి. దవడ కీలు, తొమ్మిదో నరం నొప్పి, మెడ వెన్నుపూసలు, అన్నిటికీ గొంతు చెవి నొప్పి రావచ్చు. తొమ్మిదో నరం నొప్పికి కూడా ఈ ఇంజెక్షన్‌తో తగ్గొచ్చు కాబట్టి ఇంజెక్షన్ ఒక్కటే కాదు, వేలికి తగలడం, సీటీ, ఇంజెక్షన్, మూడూ ఒకే మాట చెప్పాలి.

ఇంకొకటి, ఇది దయచేసి అందరూ చదవండి. ఒక పక్కే గొంతు నొప్పి, అదే పక్క చెవి నొప్పి, వారాల తరబడి తగ్గకపోతే, ముఖ్యంగా బీడీ, గుట్కా, అంబర్, తంబాకు అలవాటు ఉన్నవాళ్లకు, ముందు ఎండోస్కోపీతో నాలుక వెనక భాగం, గొంతు లోపల మొత్తం చూపించాలి. గొంతు క్యాన్సర్ కూడా సరిగ్గా ఇట్లాగే మొదలవుతుంది. స్టైలాయిడ్ పొడుగు ఉందని రిపోర్ట్ వచ్చింది కదా అని అది చూపించుకోకుండా ఉంటే ప్రమాదం.

పరకాల పెద్దవ్వ కోడలు
తమ్మీ ఆపరేషన్ దాక ఎందుకు, మా దిక్కు మెడ పట్టి సరిచేసేటాయన ఉన్నడు, మా మామకు మెడ పట్టేస్తే రెండు సార్లు విరిచిండు తక్కువైంది. ఉప్పు నీళ్లు పుక్కిలించి, పసుపు పాలు తాగమను. ఒకసారి చూపిస్తే పోయేదేమున్నది.

గోదావరిఖని
అక్కా నీ మంచి మనసుకు దండం గని ఈ జబ్బుకు మెడ విరిపియ్యొద్దు, చేతులు జోడించి చెప్తున్న. మా అన్నది కెరోటిడ్ రకమే. సింగరేణిల చేస్తడు. ఎడమ కన్ను ఎనుక పోటు, మెడ పక్కకు నొప్పి, ఎడమకు తిరిగి చూస్తే కండ్లు తిరిగి గోడ పట్టుకునేటోడు. మైగ్రేన్ అని ఏండ్లు మందులు వాడిండు. చివరికి సీటీ యాంజియో తీస్తే స్టైలాయిడ్ కొస రక్తనాళానికి ఆనుకోని ఉన్నది. గట్ల ఉన్న మెడను గట్టిగ తిప్పితే నాళం లోపలి పొర చినిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉన్నదని డాక్టర్ మాకు బొమ్మ గీసి చెప్పిండు.

అన్నకు హైదరాబాద్‌ల మెడ కాడ కోసి చేసిన్రు. దవడ కింద చర్మం మడత పొంటి రెండు మూడు అంగుళాల కోత, నరాలు నాళాలు పక్కకు జరిపి కండ్లతోని చూసుకుంట బొక్కను పుర్రె మొదలు దాక కట్ చేసిన్రు. నోట్లకెల్లి ఎందుకు వద్దన్నరంటే లోపల జాగ ఇరుకు, రక్తం వస్తే పట్టుకునుడు కష్టం, నాళానికి ఆనుకున్న బొక్కకు అది పనికిరాదు అన్నరు. లేశినంక కింది పెదవి ఎడమ కొస జర కిందికి గుంజింది, నవ్వితే వంకర, వదినె ఏడ్చింది. నరం సాగింది తెగలేదు వస్తదని చెప్పిన్రు, కొన్ని వారాలకు నిజంగనే సరైంది. చెవు తమ్మె మొద్దు మాత్రం ఇప్పటికి జరంత ఉన్నది, అది ఆయనకు లెక్క గాదు. కండ్లు తిరుగుడు పోయింది. మచ్చ మడతల కలిసిపోయింది, షేవింగ్ చేస్కుంటున్నప్పుడు ఆయనకు తప్ప ఎవలకు కనపడది.

పరకాల పెద్దవ్వ కోడలు
అమ్మో గంత ఉంటదని తెల్వదు బిడ్డా. మెడ పట్టిపియ్యకు తమ్మీ, డాక్టర్ చెప్పినట్టే చెయ్యి.

కొత్తవాడ తమ్మి
అందరికి మస్తు థ్యాంక్స్. అక్కను అన్నీ అడిగిన, కండ్లు తిరుగుడు, చూపు మసక, చెయ్యి తిమ్మిరి ఏది లేదు. బీడీ తాగదు గని రోజంత తంబాకు పొడి మధ్యల కూసుంటది కాబట్టి ఎండోస్కోపీ గూడ చేయించినం, లోపల అంత క్లీన్ ఉన్నది. నిన్న అదే సార్ కాడ తిమ్మిరి ఇంజెక్షన్ ఇప్పిచ్చినం. తిమ్మిరి పోయేదాక ఏం తినొద్దు తాగొద్దు పొలమారుతది అన్నరు. పది నిమిషాలకు అక్క ఉమ్మి మింగి చూసింది, మల్ల మింగింది, నా దిక్కు తిరిగి లేదురా అన్నది. మెడ తిప్పి అన్నది తమ్మీ, పెయ్యి తిప్పలే. సాయంత్రానికి తిమ్మిరి దిగినంక మల్ల అదే నొప్పి. బావ గూడ అది చూసినంక జర మెత్తవడ్డడు.

ఇప్పుడు నా ప్రశ్న ఏందంటే మందులతోని ఉండొచ్చా, ఆపరేషన్‌ల ఏం ఏం కావచ్చు, దాపెట్టకుండ చెప్పుండ్రి.

ఈఎన్‌టీ పీజీ
మందులతో ఉండొచ్చు, నొప్పి భరించేంత ఉంటే చాలామంది అట్లాగే ఉంటారు కూడా. నొప్పి గోలీలు, నరం నొప్పికి గబాపెంటిన్, కార్బమజిపైన్ లాంటివి, కొందరికి స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఇవి నొప్పిని తగ్గిస్తాయి, ఎముకను తగ్గించవు, మగతగా కూడా ఉంటుంది. ఏడాది దాటినా తినడానికి, పని చేసుకోవడానికి అడ్డం పడుతుంటే ఆపరేషన్ ఆలోచించడం న్యాయమే.

నోటి దారిలో టాన్సిల్ ఉంటే సాధారణంగా ముందు దాన్ని తీస్తారు, కొందరు సర్జన్లు టాన్సిల్ ఉంచి పక్క నుంచి కూడా చేస్తారు. ఆ గుంతలో వేలితో కొసను పట్టుకుని, దాని మీది కండను చీల్చి, ఎముకకు అంటుకున్న పొరను కండరాలను ఒలిచి, వీలైనంత పైదాకా ముక్క తీసి కుట్లు వేస్తారు. టైం తక్కువ, బయట మచ్చ లేదు. ఇబ్బంది ఏంటంటే లోతులో సరిగ్గా కనపడదు, నోట్లోని క్రిములు మెడ లోతుకు పోయి చీము పట్టే అవకాశం ఉంది, పైన ఎముక ముక్క మిగిలితే నొప్పి మిగలొచ్చు. మెడ దారిలో అన్నీ కనపడతాయి, పొడుగు ఎక్కువున్నా, రక్తనాళానికి దగ్గరున్నా ఇదే మేలు, కానీ మచ్చ, పెదవి నరం, ఎక్కువ టైం. మాట పోతుందని భయపడుతున్నారు కదా, గొంతు తీగల నరం పదో నరం నుంచి వస్తుంది, సర్జన్ దాన్ని కాపాడుకుంటూనే చేస్తారు, అది దెబ్బతినడం అరుదు, కానీ సున్నా అని ఎవరూ సంతకం పెట్టలేరు.

మీ అక్కది గొంతు రకం, కొస నోట్లో వేలికి తగులుతోంది, కాబట్టి మొదటి డాక్టర్ నోటి దారి అనడంలో అర్థం ఉంది. రెండో ఆయన 41 మి.మీ. చూసి పైదాకా తీయాలంటే మెడ దారి అంటున్నారేమో, అందులోనూ అర్థం ఉంది. ఎవరి దగ్గర చేయిస్తున్నారో ఆయనకు ఏ దారి ఎక్కువ అలవాటో సూటిగా అడగండి. అది అడగడం అగౌరవం కాదు.

హుజూరాబాద్ అక్క
నేను ఒక మాట చెప్పాలె, అందరు మంచిగైందని రాస్తున్నరు కాబట్టి. నాకు ఒక ప్రైవేట్ దవాఖానల నోట్లకెల్లి చేసిన్రు, సీటీల పొడుగు ఉన్నదని చెప్పి డేట్ ఇచ్చిన్రు, ఏలు పెట్టి చూసుడు లేదు ఇంజెక్షన్ టెస్ట్ లేదు. మింగుతుంటే గుచ్చుడు తగ్గింది గని చెవు ముందల పోటు, దవడ పట్టేసుడు అట్లనే ఉండె. తర్వాత ఇంకో డాక్టర్ చూసి దవడ కీలు అరిగింది, రాత్రి పండ్లు కొరుకుతున్నవు అన్నరు, రాత్రి పండ్లకు పెట్టుకునే ప్లేట్ ఇచ్చిన్రు, దానితోని నిమ్మళం. ఆ సంగతి ముందే చూసి ఉంటే ఏది దేనితోని పోతదో తెలిసి పోయేదాన్ని. తమ్మీ మీ అక్కకు టెస్ట్ చేసిన్రు కాబట్టి మంచిదే, దవడ గూడ ఒకసారి చూపించు.

కరీంనగర్ పండ్ల డాక్టర్
హుజూరాబాద్ అక్క రాసింది చాలామందికి పనికొస్తది. చెవు ముందల ఏలు పెట్టి నోరు తెరిచి మూస్తుంటే టక్ టక్ అంటుందా, పొద్దుగాల లేవంగనే దవడ బిగుసుకోని ఉంటుందా, నోరు తెరిస్తే ఒక పక్కకు పోతుందా చూడుండ్రి. రెండు జబ్బులు ఒకలకే ఉండొచ్చు.

వరంగల్ చౌరస్తా
పైసల సంగతి ఎవరు రాయలే. తమ్మీ తెల్ల రేషన్ కార్డ్ ఉన్నదా? ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల దాక పెంచిన్రు, గని ఏ ఆపరేషన్ ఏ ప్యాకేజీల వస్తదో దవాఖానను బట్టి చూసుకోవాలె, దవాఖానల ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటది, చీటీ మీద డాక్టర్‌తోని స్టైలాయిడెక్టమీ అని పేరు రాయించుకోని పోయి అడుగు, ఊకె గొంతు ఆపరేషన్ అంటే ఆళ్లకు తెల్వదు. సర్కార్ల చేయించాల్నంటే వరంగల్ ఎంజీఎం దవాఖానల ఈఎన్‌టీ ఓపీకి పొద్దుగాలనే పో, చీటీ లైన్ పెద్దగ ఉంటది. హైదరాబాద్ పోతానంటే కోఠిల ఈఎన్‌టీ కోసమే సర్కార్ దవాఖాన ఉన్నది, మెడ దారి అయితే అక్కడ గూడ చూపియ్యొచ్చు.

కొత్తవాడ తమ్మి
కార్డ్ ఉన్నది అన్నా, డెస్క్ కాడ అడుగుత. దవడ గూడ చూపించినం, అక్కకు దవడ మంచిగనే ఉన్నది. ఈ రోజు సార్‌ను సూటిగనే అడిగిన, సార్ మీరు రెండిట్ల ఏది ఎక్కువ చేస్తరు అని. ఏం కోపం చేయలే, 3డి బొమ్మ కంప్యూటర్ల తిప్పుకుంట చూపించిండు, కొస లోపలికి టాన్సిల్ దిక్కు వంగింది, రక్తనాళానికి దూరం ఉన్నది, నోట్లకెల్లి దొరుకుతది, ఒకవేళ లోపట అనుకున్నంత పైకి అందకపోతే బలవంతం చేయను ఆపుత, అవసరమైతే తర్వాత మెడ దారి చూద్దాం అన్నడు. గా మాట అన్నంక బావ సరే అన్నడు. అక్క అయితే ఎప్పుడో రెడీ. వచ్చే వారం అడ్మిట్. ఇంటికి వచ్చినంక ఏం చూసుకోవాలె, బీడీలు ఎప్పటి నుంచి చెయ్యొచ్చు?

కాజీపేట జంక్షన్
తమ్మీ తిండి సంగతి నేను చెప్త. మొదటి రోజులల్ల చల్లటి పాలు, ఐస్‌క్రీమ్, చల్లారిన జావ, తర్వాత మెత్తగ పిసికిన పెరుగన్నం, ఇడ్లీ పాలల్ల నానపెట్టి. కారం, పులుపు, చింతపండు పులుసు వద్దు, సకినాలు, సర్వపిండి లాంటి గట్టియి కుట్లు మానేదాక ముట్టనియ్యకు. నొప్పి గోలీ తినే ముందల అరగంట ఏస్తే మింగుడు అలక అయితది. నొప్పి అని నీళ్లు తాగుడు బంద్ చేస్తే ఇంకా ఎండిపోయి మంట పెరుగుతది, గుక్క గుక్క తాగుతనే ఉండాలె. రాత్రి లేపి ఒక గుక్క పట్టియ్యమను బావకు చెప్పు.

ఈఎన్‌టీ పీజీ
టాన్సిల్ తీసిన గుంతలో తెల్లటి పొర కడుతుంది, అది చీము కాదు, గోకి తీయొద్దు. చెవి నొప్పి కొన్నాళ్లు ఉంటుంది, అదే నరం కాబట్టి. రక్తం మొదటి రోజు రావచ్చు, మళ్లీ 5 నుంచి 10 రోజుల మధ్య ఆ పొర ఊడేటప్పుడు రావచ్చు, ఉమ్మిలో చార కాకుండా ఎర్రటి రక్తం వస్తుంటే రాత్రయినా సరే దవాఖానకు పోవాలి. కోరుట్ల నుంచి వరంగల్ దూరం కాబట్టి ఆ రోజుల్లో అక్కను వరంగల్‌లో మీ ఇంట్లోనే ఉంచుకోండి. జ్వరం, మెడ వాచి గట్టిపడటం, నోరు తెరుచుకోకపోవడం, ఊపిరి ఇబ్బంది, వీటికి కూడా ఆగొద్దు. నొప్పికి ఆస్పిరిన్ వేయొద్దు, రాసిచ్చినవే వేయండి, ఇప్పటికే రక్తం పలచబడే మందులు ఏమన్నా వాడుతుంటే ఇప్పుడే సార్‌కు చెప్పండి.

బీడీలు రెండు మూడు వారాలు వద్దు, ఆ పొడికి దగ్గు వస్తుంది, దగ్గితే కుట్ల మీద ఒత్తిడి. తర్వాత మొదలుపెట్టినా ముఖానికి బట్ట కట్టుకుని, చేటను ఒళ్లో కాకుండా ఎత్తు పీట మీద పెట్టుకోమనండి, మెడ అంత వంగదు. అడ్మిట్ అయ్యే రోజు సీటీ రిపోర్ట్ కాగితం ఒక్కటే కాదు, ఫిల్ములు, సీడీ కూడా తీసుకుపోండి, ఆపరేషన్ థియేటర్‌లో సార్‌కు కావాల్సింది అవే.

కొత్తవాడ తమ్మి
సీడీ అక్క కాడ కోరుట్లల ఉన్నది, రేపు బావ వచ్చేటప్పుడు తెమ్మని ఇప్పుడే ఫోన్ చేస్త. అక్క మా ఇంట్లనే ఉంటది. అయినంక ఎట్లున్నదో ఇక్కడనే రాస్త.